ఓ... అదా

"ఏడ చదివినవమ్మా?"
చెప్పిన.
"ఓ... అదా!"

రెండక్షరాలే.
బస్తా మీద చెయ్యి వెయ్యకుండనే
ధర చెప్పే అడ్తిదారు గొంతు.
ఎనుమాముల మార్కెట్ల మా బాపు
మిర్చి బస్తా పక్కన నిలబడి
ఆ గొంతు వినంగ చూసిన నేను.

హైదరాబాద్ల అది ఆరో అంతస్తు.
ఏసీ చలికి నా సర్టిఫికెట్ మూలలు గూడ ముడుసుకున్నయి.
"అక్కడ రిజల్ట్స్ లేటట గదా,
ఎప్పుడూ ధర్నాలేనట గదా?"

నిజమే సార్.
మా మెమోలు ఎనిమిది నెలలకు వచ్చినయి.
హాస్టల్ పప్పుల గిన్నె అడుగు కనవడేది.
వానకాలం లైబ్రరీల బకీట్లు పెట్టి
బకీట్ల నడుమ కూసొని చదివినం.
కోతులు హాల్ టికెట్లు ఎత్తుకపోయినయి.
అందుల ఒక కోతి పరీక్ష రాసి పాసైందని
మేమే నవ్వుకున్నం.
మీరు విన్నదాంట్ల అబద్ధం లేదు,
సగమే ఉన్నది, అంతే.

ధర్నా నాడు కెమెరాలు గేటు దాక వచ్చినయి.
తెల్లారి క్లాసుకు ఎవరూ రాలే.

యాకస్వామి సార్ పదిహేడేండ్ల సంది పార్ట్ టైమ్.
జీతం ఏ నెల వస్తదో ఆయనకే తెల్వదు.
హసన్‌పర్తి గుట్ట కింద ఏరుకొచ్చిన రాయి
సంచిల నుంచి తీసి బల్ల మీద పెట్టిండు.
"ఏం రంగు?"
"బూడిద రంగు సార్."
"సరే."
ఇంకో మాట అనలే.

కోసే మిషన్ ఎన్నడో పాడైంది.
గాజు పలక మీద పొడి చల్లి, నీళ్లు చల్లి
మాతోనే అరగదీయించిండు.
మూడు దినాలు.
వేళ్ల తోలు లేసిపోయింది.
"మా యాడి జొన్నలు ఇసిరినా ఇంత కష్టం లేదు సార్"
అన్నది గుగులోతు మంగ్తి.
రాయి వెంట్రుక కన్న పలచనైంది,
అవతలి వెలుగు ఇవతలికి వచ్చేదాక.

నలభై ఒక్కమందిమి.
మైక్రోస్కోపు ఒక్కటి.
మనిషికి రెండు నిమిషాలు.
కన్ను పెట్టిన.
సార్ లోపలి అద్దం అడ్డం దోసిండు.

గళ్ల లుంగీ ఆరేసినట్టు ఒక ఖనిజం.
దాని పక్కపొంటి నెమలి మెడ.
పల్లెం జర తిప్పితె
ఒకటి ఆరిపోయె, ఇంకోటి అంటుకునె.
వెనుక లైన్ల అరుస్తున్నరు,
నా రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయినయి.
"ఇప్పుడు చెప్పు బిడ్డా, ఏం రంగు?"

ర్యాంకుల పట్టీల చాన గడులుంటయి.
ఏటూరునాగారం అవతల తండా నుంచి
రెండు బస్సులు మారి వచ్చిన మంగ్తి
ఇంట్ల మొదటి డిగ్రీ పట్టుకొని తిరిగిపోయిన దూరం
రాసేటందుకు గడి లేదు.
మెరిసేటోళ్లనే ఏరి చేర్చుకున్నోళ్లకు
మెరుగు పెట్టిన పేరు గూడ దక్కుతది.

పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటరు.
ఊరు మంచిగున్నా పేరు దిబ్బైతదని
ఎవరూ సామెత కట్టలే.

ఇదంతా ఆరో అంతస్తుల అనలే నేను.
ఇంటికొచ్చినంక అన్న, గోడకు.

ఇగ దాచుకున్న మాట ఒకటున్నది.
మొన్న జూలైల అక్క బిడ్డ నవనీత
ఉరుక్కుంట ఫోన్ చేసింది.
"సీటొచ్చింది చిన్నమ్మా!"
"ఏడ?"
చెప్పింది.
నా నోట్ల నుంచే వచ్చింది
"ఓ... అదా."
ఫోన్ల కొంచెంసేపు వాళ్లింటి ఫ్యాన్ చప్పుడు.
ఆ అడ్తిదారు
నా గొంతుల ఎప్పుడు అద్దెకు దిగిండో.

మూడు నెలలు మాట్లాడలే ఆ పిల్ల.
నిన్న ఒక ఫోటో పంపింది, కింద మాటేం రాయలే.
మైక్రోస్కోపు గొట్టానికి ఫోను ఆనిచ్చి తీసినట్టున్నది,
వంకరగ, సగం నల్లగ.
గళ్ల లుంగీ.
నెమలి మెడ.
కుడి దిక్కు కింద, నాలుగు గంటల ముల్లు కాడ
అద్దం మీద సన్నటి గీత.
మంగ్తి ఉంగరం తలిగి పడ్డది అది,
మా బ్యాచిదే.